ఫ్యూజు జేబులో పెట్టుకునే మనిషి

ఆయన పోయాడని నాకు చెప్పింది మా అమ్మ. అదీ చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా. "మన కంప్యూటరు మామ పొద్దున పోయినాడంట. కాఫీ తాగతా తాగతానే ఒరిగిపోయినాడంట" అంది. ముద్ద నోటిదాకా వచ్చిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఏడుపు రాలేదు నాకు. ముందు కోపం వచ్చింది. "చెప్పకుండానే పోయినావా మామా!" అని పైకే అనేశాను. "పోయేవాళ్ళు ఎవురికి చెప్పి పోతారులే" అంది అమ్మ. నేను అన్నది దేని గురించో ఆమెకు తెలియదు. మా ఊరు ఊరిగాంలో నాకు తప్ప ఎవరికీ తెలియదనే అనుకున్నాను అప్పటికి.

ఆయన పేరు రాయను. రాసినా గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. పెద్దవాళ్ళకు ఆయన మేస్త్రీ, పిల్లలకు ఫ్యూజు మామ, మా అమ్మ ఈడువాళ్ళకు కంప్యూటరు మామ. మా ఊరి బంగారు గని నడిచినన్నాళ్ళూ భూమి లోపల కరెంటు పని చేశాడు. గని మూతపడ్డాక తోటివాళ్ళంతా తెల్లవారుజామున మారికుప్పం రైలుబండెక్కి బెంగళూరులో ఏదో ఒక పనికి పోతుంటే, ఈయన బంగారుపేట సంతలో పాత కంప్యూటరు ఒకటి కొనుక్కొచ్చి నట్టింట్లో పెట్టుకుని విప్పాడు. బిగించాడు. మళ్ళీ విప్పాడు. వాళ్ళ ఇంటావిడ "దాని పేగులు బయటపెట్టి ఏం చూస్తాండావయ్యా, జోస్యమా?" అని అడిగిందట. ఏడాదికి ఆయన చెయ్యి పడితే చాలు, చచ్చిన కంప్యూటరు లేచి కూర్చుంటుందన్న పేరొచ్చింది.

ఆయన పనిచేసే తీరు చూస్తే కొత్తవాళ్ళకు నవ్వొచ్చేది. ముందు గోడకున్న ప్లగ్గు పీకి, ఆ వైరును చుట్టచుట్టి చొక్కా జేబులో కుక్కుకునేవాడు. ల్యాప్‌టాప్ విప్పాల్సి వస్తే బ్యాటరీ కూడా ఊడదీసి ప్యాంటు జేబులో వేసుకునేవాడు. ఆ ఉబ్బిన జేబులతో కూర్చుని పని చేస్తుంటే జాతరలో మరమరాలు కొనుక్కొచ్చినవాడిలా ఉండేవాడు. ఒకసారి మా పక్కింటివాళ్ళ బ్యాటరీ జేబులోనే పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళు పరిగెత్తుకుంటూ పోయి అడిగితే, "నా జేబులో ఉంటే మీకేం భయం? బయటుంటేనే భయం" అన్నాడట. గనిలో కరెంటు మనుషుల ఆచారం అది. మోటారు మీద చెయ్యి పెట్టేముందు ఫ్యూజు పీకాలి. పీకిన ఫ్యూజు పక్కన పెట్టకూడదు, జేబులోనే పెట్టుకోవాలి. దాన్ని పీకిన మనిషి పైకొస్తేనే ఫ్యూజూ పైకి రావాలి.

పని అయ్యాక ప్లగ్గు పెట్టేముందు ఆయన అరిచే అరుపు ఇంకో తమాషా. "కరెంటు వస్తాండాది!" అని తెలుగులో ఒకసారి, అదే మాట అరవంలో ఒకసారి, కన్నడంలో ఒకసారి. లోపల అన్ని భాషలవాళ్ళూ ఉండేవాళ్ళు కదా, ఎవరికి అర్థం కాకపోయినా ప్రాణం మీదికొస్తుంది. అలవాటైపోయింది. ల్యాప్‌టాప్‌కి కూడా అరిచేవాడు. మా వీధి పిల్లలు కిటికీలోంచి ఆయనతోపాటు అరిచి పరిగెత్తేవాళ్ళు. బంగారం తీశాక గనివాళ్ళు పోసిన సైనైడ్ దిబ్బల మీది నుంచి గాలి లేచినప్పుడల్లా మా కీబోర్డుల నిండా సన్నటి తెల్లదుమ్ము చేరేది. దానికి ఆయన మందు సైకిల్ పంపు. తుస్సు తుస్సుమని కొట్టి, ముక్కుకు తువ్వాలు కట్టుకోమని మమ్మల్ని కేకలేసి, తాను మాత్రం కట్టుకునేవాడు కాదు.

నాకూ ఆయనకూ అసలు పరిచయం కరోనా వచ్చిన ఏడాది. బండి ఎక్కనక్కర్లేదు, ఇంట్లోనే కూర్చుని పని చెయ్యమని మా ఆఫీసువాళ్ళు అన్నారు. నాకైతే పండగే అనిపించింది. నా పని ఏమిటంటే, ఆసుపత్రుల్లో డాక్టర్లు నోటితో చెప్పి రికార్డు చేసి పంపిన మాటల్ని హెడ్‌ఫోన్లో విని టైపు చెయ్యడం. ఏ రోగికి ఎక్కడ కోశారు, ఏ మందు ఎంత ఇచ్చారు, అన్నీ. వినబడకపోతే నాకు పని లేదు. నాన్న పోయాక ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే.

మూడో వారంలో మొదలైంది దరిద్రం. రికార్డు నొక్కగానే చెవిలో గర్రుమని ఒక శబ్దం, తెర అంతా నీలం, నడుమ ఒక ఏడుపుమొహం బొమ్మ. అంతవరకూ టైపు చేసింది గోవిందా. మళ్ళీ ఆన్ చేస్తే పది నిమిషాలు బుద్ధిగా ఉండేది, మళ్ళీ నీలం. రెండు రోజులు ఓపిక పట్టి మామను పిలిచాను.

ఆయన వచ్చి కూర్చుని కంప్యూటరు ముట్టుకోకుండా నన్ను అడిగాడు. "ఇది మొదులైన దినానికి ముందుదినం ఏం జరిగింది అమ్మణ్ణీ?"

"ఏమీ జరగలేదు మామా."

"ఏమీ జరక్కుండా ఏదీ చెడిపోదు" అని అద్దాలు సర్దుకున్నాడు. కాసేపు వెతికి పట్టుకున్నాడు. కంప్యూటరుకీ, శబ్దం పలికించే ముక్కకీ నడుమ మాట అందించే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంటుందట, దాన్ని డ్రైవరంటారట. ముందురోజు కొత్త డ్రైవరు దానంతటదే దిగి, పాతదాని జాగాలో కూర్చుంది. దాంట్లోనే ఉంది తప్పు. ఆయన కొత్తదాన్ని తీసేసి పాతదాన్ని పెట్టాడు. అరిచాడు, ప్లగ్గు పెట్టాడు, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా కంప్యూటరు ముత్యంలా పనిచేసింది.

మరునాడు పొద్దున మళ్ళీ నీలం తెర, మళ్ళీ ఆ ఏడుపుమొహం! ఈయనకేమీ రాదు, ఊరికే పేరు అని మనసులో తిట్టుకుంటూనే మళ్ళీ పిలిచాను. వచ్చి చూసి, "మళ్ళీ వచ్చేసిందా" అని మళ్ళీ తీసేశాడు. ఈసారి వెళ్ళలేదు. కలుగు దగ్గర పందికొక్కు కోసం కాచుకున్నట్టు గంటసేపు తెరవైపే చూస్తూ కూర్చున్నాడు. నన్ను పిలిచి చూపించాడు. నా కళ్ళముందే, ఎవరూ ఏమీ నొక్కకుండా, ఆ దిక్కుమాలిన డ్రైవరు నెట్‌లోంచి దిగి తన జాగాలో తాను కూర్చుంటోంది. ఖాళీ ఇంట్లో కుర్చీ దానంతటదే జరిగితే ఎలా ఉంటుంది, అలా ఉంది.

"చూసినావా? తీసేస్తే చాలదమ్మా. తీసిన తావు ఖాళీగా ఉండాదని చూసి, మళ్ళీ తెచ్చి పెట్టేవాడొకడు లోపలుండాడు. అప్‌డేటు వాడే. ముందు వాని సంగతి చూడల్ల."

"వాని పాడె కట్ట! వద్దంటే వినడా?"

"తిట్టొద్దమ్మణ్ణీ." ఆయన గొంతు మారింది. "వాడు చెడ్డోడు కాదు. ఖాళీ చూసినాడు, నింపినాడు. మేలు చేస్తాండాను అనుకోనే చేసినాడు. వాని చేతిలో ఏముందో వానికి తెలీదు, అంతే."

ఒక ప్రోగ్రాము మీద ఇంత జాలి పడే మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఫక్కున నవ్వేశాను. ఇప్పుడు తలచుకుంటే ఆ నవ్వును వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

"అప్‌డేట్లన్నీ ఆపేస్తే పోలా మామా" అన్నాను. "అన్నీ ఆపితే వైరస్సులు దూరతాయి. ఒక్క మోటారు చెడిపోయిందని గనికంతా కరెంటు ఆపేస్తామా?" అని కసురుకున్నాడు. నెట్ తీసేశాడు. కొత్త డ్రైవరును దాని ఫైళ్ళతో సహా ఊడబెరికాడు. పాతదాన్ని పెట్టాడు. ఆ తర్వాత ఒక చిన్న పనిముట్టు ప్రోగ్రామును తెచ్చి, రాబోయే అప్‌డేట్ల జాబితాలో ఆ ఒక్కదాన్ని మాత్రం ఎంచి, కంటికి కనబడకుండా దాచేశాడు. పరికరాలకు డ్రైవర్లు నీయంతట నువ్వు తేవద్దని ఇంకో చోట కూడా చెప్పాడు. మూడుసార్లు ఆపి, మూడుసార్లు ఆన్ చేసి చూశాడు. రాలేదు. అప్పుడు గనిలో రిపేరు జరిగేటప్పుడు స్విచ్చుకు కట్టే బోర్డులాగా, సంచిలోంచి ఒక అట్టముక్క తీసి, లావాటి పెన్నుతో రాసి, ల్యాప్‌టాప్ మూతకు దారంతో కట్టాడు. "మనిషి లోపల ఉన్నాడు. కొత్త డ్రైవరు పెట్టరాదు."

"ఇదెందుకు మామా, నేనొక్కదాన్నే కదా వాడేది?"

"కట్టినోడే విప్పల్ల. నేనే కట్టినాను, నేనే విప్పతాను. నువ్వు ముట్టుకోవద్దు" అన్నాడు.

రెండు నెలలు ఏ గొడవా లేదు. ఆఫీసులో వీడియో మీటింగులు ఎక్కువయ్యాయి. మూత వంచినప్పుడల్లా ఆ అట్టముక్క కెమెరాకు అడ్డం వచ్చి వేలాడేది. ఒకరోజు అందరూ నవ్వారు. కత్తెర తెచ్చి దారం కోసి, అట్టను అలమర కింద పడేశాను. ఆ వారంలోనే తెర మూలలో, అప్‌డేటుది కాదు, కంప్యూటరు కంపెనీవాళ్ళ డబ్బీ ఒకటి తెరుచుకుంది. మీ శబ్దం ఇంకా బాగుండటానికి కొత్త సాఫ్ట్‌వేరు సిద్ధం, పెట్టమంటారా అని ఎంతో మర్యాదగా అడిగింది. నాకు ఆ పూట వక్క నమలుతూ మాట్లాడే డాక్టరు ఒకాయన రికార్డు వచ్చి ఉంది. ఒక్క ముక్క వినబడటం లేదు. రెండు నెలలైంది కదా, ఈపాటికి బాగుచేసి ఉంటారు అనుకుని, సరే అని నొక్కాను. నా చేత్తో నేనే నొక్కి ఆ డ్రైవరును మళ్ళీ దింపుకున్నాను!

మరునాడు ఒక ఆపరేషన్ రిపోర్టు అర్జెంటుగా చేస్తున్నప్పుడు కంప్యూటరు కుప్పకూలింది. సగం పోయింది. మిగిలిన సగం దానంతటదే సేవయి, మందు పేరు ఉండి మోతాదు లేకుండా ఆసుపత్రికి చేరింది. అక్కడి నర్సమ్మ కళ్ళు తెరుచుకుని ఉంది కాబట్టి రోగికి ఏమీ కాలేదు. ఆఫీసులో మాత్రం దుమారం లేచింది. "నీ కంప్యూటరులో ఏమైనా మార్చినావా?" అని ఫోన్లో అడిగారు. నా నోట్లోంచి మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే నాకే ఆశ్చర్యం. "నేనేమీ ముట్టుకోలేదు సార్. ముందురోజు సపోర్టాయన దూరంనుంచి నా కంప్యూటరులోకి వచ్చి ఏదో చేసినాడు."

ఆఫీసు కంప్యూటర్లు చూసే ఆ సపోర్టాయన వచ్చిన మాట నిజమే, పాస్‌వర్డు మార్చడానికి వచ్చాడు. డ్రైవరు జోలికే పోలేదు. ఆయనది బంగారుపేట. బండి తిరిగిన రోజుల్లో నాకు తువ్వాలు వేసి సీటు పట్టిపెట్టిన మనిషి. ఇద్దరు చిన్నపిల్లలు. సాయంత్రానికి విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దని ఆయనకు చెప్పేశారు. ఆ సంగతి విన్నాక నాకు అన్నం సహించలేదు. అయినా నోరు విప్పలేదు. విప్పితే నా ఉద్యోగం పోతుందని భయం.

మామను పిలిచాను. డ్రైవరు తీసేస్తే చాలు, ఇంకేం అడక్కూడదని నా ఆలోచన. ఆయన రాగానే ల్యాప్‌టాప్ మూత వైపు చూశాడు.

"నేను కట్టిన అట్టేదమ్మా?"

"యాడో పడిపోయినట్టుంది మామా, గాలికి."

ప్లగ్గు పీకి జేబులో పెట్టుకుని, బ్యాటరీ మీదే ఆన్ చేశాడు. పని మొదలుపెట్టి, ఏం ఎప్పుడు జరిగిందో కంప్యూటరు తనకు తాను రాసుకునే పట్టీ ఒకటి తెరిచి చదివాడు. చాలాసేపు చదివాడు.

"ఇది తనంతట తాను రాలేదు. ఎవురో పెట్టినారు. ఎవురు పెట్టినారమ్మణ్ణీ?"

"నాకేం తెలుసు మామా. నేనేమీ ముట్టుకోలేదు."

ఆయన చెయ్యి కీబోర్డు మీద అలాగే ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నా వైపు చూస్తున్నాడు గానీ నన్ను చూడటం లేదు. గుండెనొప్పేమో అని బెదిరిపోయి అమ్మను పిలవబోయాను. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఇదే మాట" అన్నాడు. "అచ్చం ఇదే మాట నేనూ చెప్పినాను."

ఆ తర్వాత ఆయన చెప్పింది నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పొచ్చు.

"నాకప్పుడు పెండ్లయి మూడు నెల్లు. షిఫ్టు మారే టయాన దిగినాను. లోపల పంపు ఆగిపోయి ఉండాది. గుంటలో నీళ్ళు ఎక్కతా ఉండాయి. పంపుకాడ కాపలా ఉండేటాయన తావులో లేడు. ఫ్యూజుల బోర్డు చూస్తే ఫ్యూజు లేదు, తీసి పైన పెట్టి ఉండాది. ముందు షిఫ్టోళ్ళు మరిచిపోయినారు, పైనోళ్ళకు తెలిస్తే పాపం తిట్లు తింటారు అనుకున్న్యా. వాళ్ళకు మేలు చేద్దామని తీసి పెట్టేసినాను మా. పెట్టగానే అవతలనుంచి ఒక అరుపు. ఒక్కటే. మా తోటి మేస్త్రీ ఒకడు ఆ గుంటకాడ మోటారులో చెయ్యి పెట్టి ఉండాడు. ఫ్యూజు జేబులో పెట్టుకోకుండా బోర్డు మీద పెట్టి పోయినాడు వాడు. వాడు చేసిన తప్పు అదొక్కటే. మిగిలిందంతా నాది."

"చచ్చిపోయినాడా మామా?"

"అక్కడే." తల వంచుకున్నాడు. "అది కాదమ్మా కత. నేను పరిగెత్తి పోయి వాణ్ణి చూడల్లా వద్దా? నేనేం చేసినాను తెలుసునా? ముందు ఫ్యూజు పీకి, మళ్ళీ బోర్డు మీద ఎట్లుండేది అట్లే పెట్టేసినాను. అప్పుడు పోయినాను వానికాడికి. విచారణలో అడిగినారు. నేనేమీ ముట్టుకోలేదు అన్న్యా. తావు వదిలిపెట్టి పోయిన పంపు కాపలాయన మీద పడింది అంతా. వాడే పెట్టి, భయపడి పీకేసినాడు అన్నారు. ఉద్యోగం తీసేసినారు. లైన్లో కంపెనీ ఇచ్చిన ఇల్లు ఖాళీ చేయించినారు. సచ్చినోని పెండ్లాం బిడ్డల్ని పిలుచుకోని కామసముద్రం అవతల వాళ్ళ పల్లెకు పోయింది."

మా ఊళ్ళో అందరికంటే జాగ్రత్తపరుడు, ల్యాప్‌టాప్‌కి కూడా మూడు భాషల్లో అరిచే మనిషి! ఈయన చేతుల మీద ఒక చావు ఉందా? అవతల గదిలో అమ్మ మిక్సీ తిప్పుతోంది. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాను.

"ఆ కాపలాయన ఉన్నాడా ఇప్పుడు?" అని అడిగాను.

"ఉండాడు. అవతల గని కాడ చాంపియన్ రీఫ్‌లో కూతురింటి పక్కనే గదిలో ఉండాడు. ప్రతి ఆదివారం పోతాను నేను."

"ఆయనకు తెలుసా?"

లేదని తల ఊపాడు. "చెప్పల్లనే పోతాను మా. కాఫీ పోస్తాడు. తాగతాను. ఇంట్లో బల్బో, రేడియోనో ఏదో ఒకటి బాగుచేస్తాను. వచ్చేస్తాను."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ముప్పై ఏండ్లకు పైన కాఫీలు తాగి వస్తాండావా మామా? నీకు సిగ్గు లేదా?" అన్నాను. పెద్దాయన్ని అనరాని మాటే.

ఆయన నొచ్చుకోలేదు. "సరే మా. ఇప్పుడు నువ్వు మీ ఆఫీసుకు ఫోను చేస్తావా?" అన్నాడు.

చచ్చాను. నేను ఆయనకు సపోర్టాయన సంగతి చెప్పనే లేదు. నా మొహం చూసి కనిపెట్టాడో, తాను నడిచిన దారి కాబట్టి తెలిసిందో మరి.

"ఈపొద్దే చెయ్యి" అన్నాడు. "రేపు అనుకుంటే మొదటి రేపు కష్టం. పదో రేపు అలవాటైపోతాది. నువ్వు చెప్పేయ్. నేనూ పోయి చెప్పేస్తాను. ఒట్టు."

ఆయన ఎదురుగానే ఫోను చేశాను. రెండుసార్లు ఆగిపోయాను, కానీ చెప్పాను. ఉద్యోగం పోలేదు. ఆరు నెలలు నేను చేసిన ప్రతి ముక్కనూ ఇంకొకరు చూసి పంపేవాళ్ళు. సపోర్టాయన మరునాడే పనిలోకి వచ్చాడు. చాలాకాలం నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం.

ఇక అప్పటినుంచి మామ కనిపించినప్పుడల్లా నాది ఒకటే ప్రశ్న. "చెప్పినారా మామా?" ఆయనది ఒకటే జవాబు. "వచ్చే ఆదివారం." పండగలు పోయాయి, బళ్ళు మళ్ళీ తిరిగాయి, నేను మళ్ళీ బెంగళూరు పోయిరావడం మొదలైంది. వచ్చే ఆదివారం మాత్రం రాలేదు. నేను మెడ మీద కత్తి పెట్టినట్టు అడుగుతూనే ఉన్నాను. చివరి నెలల్లో నన్ను దూరంనుంచి చూసి పక్క సందులోకి తిరిగిపోయేవాడు. పిరికివాడు అనుకున్నాను. నా చేత చెప్పించి తాను తప్పించుకున్నాడు అనుకున్నాను. ఇలా రెండేళ్ళు గడిచాయి. అప్పుడు అమ్మ ఆ మాట చెప్పింది, ముద్ద నా చేతిలో ఉండగా.

చెయ్యి కడుక్కుని మామ ఇంటికి పరిగెత్తాను. వరండాలో బెంచీ మీద పడుకోబెట్టి ఉన్నారు. ఇంటావిడ పక్కన కూర్చుని "కాఫీ చల్లారిపోయిందే, లేవయ్యా" అంటోంది. వచ్చినవాళ్ళు ఆయన కట్టిన వైర్ల గురించీ, బాగుచేసిన టీవీల గురించీ చెప్పుకుంటున్నారు. "అంత జాగ్రత్త మనిషి మళ్ళీ పుట్టడప్పా" అన్నారెవరో.

తల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో బాగా ముసలాయన ఒకడు కూర్చుని ఉన్నాడు. చేతికర్ర మీద గడ్డం ఆనించి, ఏడవకుండా, శవం మొహాన్నే చూస్తున్నాడు. ఎవరని పక్కావిడను అడిగాను. "చాంపియన్ రీఫ్ తాత. అన్నదమ్ములకన్నా ఎక్కువ వీళ్ళిద్దరూ. ఆదివారమైతే ఈయన అక్కడే" అంది.

ఆయన చెప్పలేకపోయింది నేను చెప్పాలా? చెప్పడానికి నాకేం హక్కుంది? కానీ చెప్పకపోతే ఈ ముసలాయన తన పరువు తీసిన చేతికి దండం పెట్టి సాగనంపుతాడు. అది ఇంకా ఘోరం అనిపించింది. పోయి ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాను.

"తాతా, మామ మీకొక మాట చెప్పల్లనుకున్నాడు. చెప్పలేకపోయినాడు. నాకు చెప్పినాడు."

ఆయన నా వైపు తిరగలేదు. "ఫ్యూజు మాటేనా?" అన్నాడు.

"మీకు... మీకు తెలుసునా?"

"ఆ పొద్దే తెలుసు. నీళ్ళు తాగి వస్తాంటే చూసినాను. టోపీ దీపం వెలుగులో వీని చెయ్యి బోర్డు మీద ఉండాది. పెట్టింది చూసినాను, పీకింది చూసినాను."

"మరి విచారణలో ఎందుకు చెప్పలేదు తాతా?"

"తావు వదిలి పోయినోణ్ణి నేను. చెప్పినా నా పని పోతాది, చెప్పకపోయినా పోతాది. వీని పేరు చెప్తే రెండిండ్లలో పొయ్యి ఆరిపోతాది. కొత్తగా పెండ్లయినోడు. పోనీలే, వాడే వచ్చి చెప్తాడు, అప్పుడు చెంప పగలగొడదాం అనుకున్న్యా. మొదట్లో కడుపు మండేది. వచ్చినప్పుడల్లా ఈపొద్దు చెప్తాడు, ఈపొద్దు చెప్తాడు అని చూసేవాణ్ణి. చెప్పలేదు. బల్బు మార్చి పోయేవాడు."

"అంత పిరికివాడనుకోలేదు నేను" అన్నాను. నా గొంతులో ఏడుపు అప్పటికి వచ్చింది.

"పిరికోడు కాదమ్మా." ముసలాయన మొదటిసారి నా వైపు తిరిగాడు. "ఈ రెండేండ్లుగా వచ్చినప్పుడల్లా నోరు తెరిచినాడు. అన్నా, ఒక మాట చెప్పల్ల, అనేవాడు. నేనే చెప్పనీలేదు. రేడియో గరగరంటాది చూడు అనేవాణ్ణి. ఒకసారి కావాలనే కాఫీ లోటా తన్నేసినాను."

"ఎందుకు తాతా? ఎందుకు చెప్పనీలేదు?"

"మా ఇంటిది పోయి ఏడేండ్లయింది. కూతురు ఒక పూట తొంగి చూసి పోతాది. ఆదివారం పూట నా గడప తొక్కి, నాతో కూర్చొని కాఫీ తాగే మనిషి వీడొక్కడే. ఆ మాట చెప్పేస్తే వీని బరువు దిగిపోతాది." ఆయన మళ్ళీ శవం వైపు తిరిగాడు. "దిగిపోయినాక ఇంగ నా కాడికి ఎందుకొస్తాడు?"

నేను ఆయన కుర్చీ కోడు పట్టుకుని ఉండిపోయాను. సందుల్లోకి తప్పుకుని తిరిగిన ఆ మనిషిని రెండేళ్ళు ఎన్ని మాటలు అనుకున్నానో! ప్రతి ఆదివారం నోరు తెరిచిన మనిషిని!

మనుషులు వచ్చి బెంచీ చుట్టూ చేరారు. "లేపుతాండాం తాతా, పక్కకు జరుగు" అన్నారు. ఆయన జరగలేదు. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, ఇంకెవరికీ వినబడకుండా అన్నాడు.

"పోయిన ఆదివారం నా రెండు చేతులూ పట్టుకోని ఏడ్చినాడు మా. అంతా చెప్పేసినాడు. మొదలు నుంచీ కడదాకా, ఒక్క ముక్క వదలకుండా చెప్పినాడు. నేను వాని మొకం చూసి, ఏమన్నావురా, చెవులు సరిగ్గా వినబడటం లేదు, వచ్చే ఆదివారం వచ్చి చెప్పు అన్న్యా."